లాన్ పోయింది, మొహం మిగిలింది

ఆ ఆదివారం చర్చి ఆరాధనలో రెండో పాఠం చదువుతుండగా నా కనురెప్పలు మండటం మొదలుపెట్టాయి. కళ్ళలో సబ్బు నురగ పడితే ఉండేలాంటి మంట. జేబురుమాలుతో తుడుచుకున్నాను. పాట నంబరు చెప్పేసరికి పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే రెండు రెప్పలూ ఉబ్బి ఉన్నాయి, మెడ చుట్టూ కాలరు ఆనే చోట ఎర్రటి గీత. మా ఆవిడ కరుణ అన్నం వడ్డిస్తూ చూసింది.

"ఏటండీ, మొహం అలా ఉబ్బిపోనాది? నిద్ర చాల్లేదేటి?"

ఏ పురుగో కుట్టి ఉంటుందన్నాను. నాలుగు రోజులకి తగ్గింది. మళ్ళీ ఆదివారానికి వచ్చింది. ఇది మొదలై ఇప్పుడు అయిదో ఏడు నడుస్తోంది.

నా గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా తాత సోంపేట వైపు నుంచి బెంగాల్‌కి, ఖిదిర్‌పూర్ డాక్‌లో కూలికి వచ్చాడు. నాన్న అక్కడే సరుకు దించేవాడు. నేను గార్డెన్ రీచ్ వైపు ఓడలు కట్టే చోట ఫిట్టరుగా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. మేం పెరిగిన కూలీల లైన్లలో మురిక్కాలవ పక్కన తుత్తురుబెండ, తగిరిస తప్ప పచ్చగా ఇంకేం ఉండేది కాదు. మా నాన్నమ్మ లేత తగిరిసాకు కోసి కూర వండేది. అది చూసి బడిలో పిల్లలు నన్ను గడ్డి తినేవాడని ఏడిపించేవారు. నేను పనిచేసిన చోట ఆఫీసర్ల క్లబ్బు ముందు ఒక లాన్ ఉండేది, దాని మీద నడవకూడదని బోర్డు కూడా ఉండేది. అన్నేళ్ళూ దాని అంచునే నడిచి డ్యూటీకి వెళ్ళాను. నాకంటూ ఇల్లుంటే ముందర లాన్ వేస్తానని అప్పుడే అనుకున్నాను.

వేశాను. పదిహేను అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. నర్సరీ నుంచి చాపల్లా చుట్టిన కార్పెట్ గడ్డి తెచ్చి పరిపించాను. శనివారం సాయంత్రం టీ తాగి, తోసే మిషనుతో నేనే కోసేవాణ్ణి. వానాకాలంలో నీళ్ళు నిలిచి గడ్డి చోట్లచోట్ల కుళ్ళిపోయేది. ఆ ఖాళీల్లో చామంతి ఆకులాంటి ఆకులతో ఏవో పిచ్చి మొక్కలు లేచేవి. మిషను గడ్డితోపాటు వాటినీ తరిగేసేది. గోడవార మిషను అందని చోట అవి నడుమెత్తు పెరిగి సన్నటి తెల్ల పూలు పూసేవి. కత్తెర తీసుకుని నేను వాటి మీదికి పోతే కరుణ ఆపేది.

"ఉండండి, అవి నాకు కావాలి."

మా తెలుగు సంఘం గుడిలో బల్ల మీద పూలు పెట్టే పని ఇరవై ఏళ్ళుగా కరుణది. ఖిదిర్‌పూర్ బజారులో నాలుగు రజనీగంధ కాడలు కొని, వాటి మధ్య ఈ తెల్ల పూల కొమ్మలు గుచ్చితే కూజా నిండుగా ఉండేది. పూల కొట్లో బొకేలు నింపే తెల్ల పూలకీ వీటికీ దూరం నుంచి తేడా తెలిసేది కాదు. శనివారం సాయంత్రం కోసి, బకెట్టు నీళ్ళలో వేసి, మా పడకగది మూలన పెట్టేది. ఇంట్లో చల్లటి గది అదే. మర్నాడు బస్సులో ఆ బకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది నేను. గుడిలో మాది ముందు బెంచీ, కూజాకి రెండు బారల దూరం.

చదివేవాళ్ళకి ఇప్పటికే విషయం తెలిసిపోయి ఉంటుంది. మాకు తెలియడానికి మూడేళ్ళు పట్టింది.

మొదట వీధి చివర డాక్టరు అలర్జీ అన్నాడు. సెట్రిజిన్ రాశాడు, ఒక ట్యూబు ఇచ్చాడు. రాసిన వారం బాగుండేది. మానేస్తే రెండింతలు అయ్యేది. మందుల షాపువాడు ఇంకో ట్యూబు ఇచ్చాడు, అది ఇంకా గట్టిదన్నాడు. చలికాలం వచ్చాక కాస్త శాంతించింది. పీడ విరగడైందనుకున్నాను. వానలు పడ్డాక రెండో ఏడు తిరగబెట్టింది, ఈసారి మొహం, చెవుల వెనక, మెడ, మోచేతి మడతలు, చేతుల వెనక భాగం.

దురద అని రాస్తే అదేదో చిన్న విషయంలా ఉంటుంది. దోమ కుట్టినా దురదే కదా అంటారు. ఇది అలాంటిది కాదు. చర్మం లోపల ఎవరో కూర్చుని గీరుతున్నట్టు ఉండేది. గోకితే హాయి ఉండేది కాదు, గోకకపోతే పిచ్చెక్కేది. రక్తం వచ్చాక మంట పుట్టి, ఆ మంట వల్ల దురద కొంచెం మరుగున పడేది, ఆ కొంచెం కోసం రక్తం వచ్చేదాకా గోకేవాణ్ణి. కరుణ నా చేతులకి పాత మేజోళ్ళు తొడిగి మణికట్టు దగ్గర నాడాలు కట్టేది. నేను పళ్ళతో విప్పుకునేవాణ్ణి. నుదుటి మీద చర్మం దళసరెక్కి గోనెపట్టాలా తయారైంది. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండేది. నించున్న వాళ్ళు కూడా కూర్చునేవారు కాదు. ఒకప్పుడు ఆ రూట్లో సీటు కోసం కొట్టుకున్నాం.

రెండో డాక్టరు ఎండ పడటం లేదన్నాడు. "సన్ అలర్జీ. బయటికి వెళ్ళొద్దు, ఎండ మొహం చూడొద్దు." సరే అని పడకగది కిటికీలకి దుప్పట్లు కట్టుకుని లోపలే ఉండిపోయాను. లాన్ కోసే పని బాగా పొద్దువాలిన తర్వాతకి మార్చుకున్నాను. ఒంట్లో ఓపిక లేని వారాల్లో ఒక మనిషిని పెట్టి నా కిటికీ కిందే కోయించాను. నన్ను మూసిపెట్టిన ఆ గదిలోనే వారం వారం పూల బకెట్టు. ఎండలేని గదిలో ఉన్నా ఎందుకు తగ్గడం లేదో ఆ డాక్టరుకీ అర్థం కాలేదు. నా మీదే అనుమానపడ్డాడు. "మీరు దాక్కుని బయటికి వెళ్తున్నారు" అన్నాడు.

సంఘంలో వాళ్ళు ప్రేమగలవాళ్ళే. ఇంటికొచ్చి తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. కానీ ఆదివారం ఆదివారం నా మొహం పేలడం అందరూ చూశారు. ఒక పెద్దాయన నన్ను పక్కకి తీసుకెళ్ళి మెల్లిగా అన్నాడు, "తమ్ముడూ, దేవుని బల్ల ఎదటే నీకిలాగ అవుతాంది. దాచుకున్నదేటన్నా ఉంటే ఒప్పీసుకో." ఆ మాట నన్ను తినేసింది. చీకటి గదిలో పడుకుని నా జీవితమంతా వెతికాను. దొరికింది. పనిలో చేరిన కొత్తలో ఒక ఇత్తడి వాల్వు టిఫిన్ క్యారేజీలో పెట్టి ఇంటికి తెచ్చాను. దాన్ని గేటుకి గొళ్ళెంలా వాడాం, తర్వాత ఏమైందో తెలీదు. వాపెక్కిన మొహంతో సంఘం ముందు నిలబడి ఆ వాల్వు సంగతి ఒప్పుకున్నాను. అరవై నాలుగేళ్ళ మనిషిని, ఏడ్చాను. నాతోపాటు ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. బల్ల మీద రజనీగంధల మధ్య ఆ తెల్ల పూలు ఉన్నాయి. సోమవారానికి కళ్ళు తెరుచుకోలేదు.

ఆ తర్వాత గుడికి వెళ్ళడం మానేశాను. దేవుడు నన్ను గుమ్మంలోంచే గెంటేస్తున్నాడని నిజంగానే నమ్మాను. కరుణ ఒక్కతే బకెట్టు పట్టుకుని వెళ్ళేది.

మా అమ్మాయి రూత్ సాల్ట్ లేక్‌లో కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది, అక్కడే ఉంటుంది. తను సెలవు పెట్టి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి స్కిన్ ఓపీడీకి తీసుకెళ్ళింది. అక్కడ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు. మూడు రోజుల్లో దురద పోయింది. ఎంత సంతోషించానంటే, కరుణ వద్దంటున్నా లాన్ కోశాను. రెండు నెలలకి షుగరు రెండింతలైంది, మొహం గుమ్మడికాయలా గుండ్రమైంది. డోసు తగ్గించగానే జబ్బు మళ్ళీ పైకి లేచింది. అప్పుడు అజాథయోప్రిన్ అనే వేరే మాత్ర రాశారు. "ఇది స్లోగా పనిచేస్తుంది. ప్రతి రెండు వారాలకీ బ్లడ్ కౌంట్ చేయించాలి" అని చెప్పారు. మూడో రిపోర్టు తెచ్చుకోవడానికి వెళ్ళాల్సిన రోజు నాకు జ్వరం. కౌంట్ బాగా పడిపోయిందని, ఇన్‌ఫెక్షన్ అని, ఆ రోజే అడ్మిట్ చేసుకున్నారు. గోరుచుట్టు మీద రోకలిపోటు.

తొమ్మిది రోజులున్నాను. అజాథయోప్రిన్ ఆపేశారు. జ్వరం తగ్గింది. ఒక వింత జరిగింది: మొహం కూడా తేరుకుంది. వార్డు కిటికీలోంచి ఎండ నా మంచం మీదికే వచ్చేది, అయినా తేరుకుంది. యాంటీబయాటిక్ సెలైన్ల వల్ల అనుకున్నాం. ఇంటికొచ్చిన పది రోజులకి మళ్ళీ మొదటికొచ్చింది.

మా అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకే ఈ సంగతి రాయగలుగుతున్నాను. ఒక మధ్యాహ్నం కరుణ బజారుకి వెళ్ళినప్పుడు చొక్కా వేసుకుని ఫెర్రీ ఘాటుకి వెళ్ళాను. పడవ ఎక్కి ఎక్కడికో వెళ్ళాలని కాదు. ఇంక నావల్ల కాదని వెళ్ళాను. జెట్టీ చివర చాలాసేపు నిలబడ్డాను. టికెట్లు చూసే అతను విసుక్కున్నాడు, "దాదూ, ఎక్కుతారా ఎక్కరా? ఎక్కకపోతే దారి వదలండి." వెనక జనం ఉన్నారు. పక్కకి తప్పుకున్నాను. తప్పుకున్నాక అక్కడ ఏం చేయాలో తోచలేదు, నడుచుకుంటూ ఇంటికొచ్చేశాను. నేను బతికింది అతని విసుగు వల్ల. గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

తరువాతి ఓపీడీలో కొత్త డాక్టరమ్మ ఉంది, చిన్నపిల్ల, రూత్ వయసే ఉంటుంది. నా మొహం చూసి మందు రాయలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, బాబాయిగారిని పిలిచినట్టు పిలుస్తూ బెంగాలీలో అడిగింది, "మేశోమశాయ్, చచ్చిపోవాలనిపిస్తోందా?" మూడేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. కరుణ పక్కనే ఉంది. అవునన్నాను. ఘాటు సంగతి చెప్పేశాను. కరుణ నా మోచెయ్యి పట్టుకుంది, నేను ఆమె వైపు చూడలేకపోయాను. డాక్టరమ్మ మనసు డాక్టరు దగ్గరికి చీటీ రాసి, అదే రోజు వెళ్ళమంది. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వేసింది.

"ఏ రోజు ఎక్కువవుతుంది?"

"ఆదివారం. సోమవారం ఇంకా ఎక్కువ."

"ఇలాంటి అలర్జీ వెంటనే కనపడదు. ఒకటి రెండు రోజులు తీసుకుంటుంది. శుక్రవారం, శనివారం ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను, గడ్డి కోస్తాను" అన్నాను. ఆమె రాసుకుంది. ప్యాచ్ టెస్ట్ చేద్దామంది. వీపు మీద చిన్న చిన్న బిళ్ళలు వరసగా అంటించారు, రెండు రోజులు నీళ్ళు తగలకూడదు, గోక్కోకూడదు. "చుల్‌కాబేన్ నా" అని సిస్టరు మూడుసార్లు చెప్పింది. గోకొద్దు అని. ఆ రెండు రోజులూ కరుణ నా చేతులు పట్టుకుని కూర్చుంది. బిళ్ళలు తీసినప్పుడు ఒక చోట మాత్రం ఎర్రగా పొక్కి, నీటిబుడగలు లేచి ఉన్నాయి. డాక్టరమ్మ లెక్క చూసి, "పార్థీనియం. త్రీ ప్లస్" అంది, అంటే అన్నిటికన్నా తీవ్రమైన మెట్టు. జబ్బు పేరు ఎయిర్‌బోర్న్ కాంటాక్ట్ డెర్మటైటిస్ అంది. మొక్క పొడి గాల్లో ఎగిరి చర్మం మీద పడితే చాలట. ఫోనులో ఆ మొక్క ఫొటో వెతికి చూపించింది.

మన వైపు వయ్యారిభామ అంటారే, అదే. కరుణ ఫోను చేతిలోకి తీసుకుని ఆ తెల్ల పూలు పెద్దవి చేసి చూసింది. ఇంటికొచ్చాక గోడవార నిలబడి ఆ పూల వైపు చూస్తూ ఉంది. అప్పుడు నేనన్న మాట నా నోటితోనే ఇక్కడ చెప్పాలి.

"వారం వారం నా మంచం పక్కన విషం తెచ్చి పెట్టావు" అన్నాను.

ఆ మొక్కల మీద ప్రతి శనివారం మిషను నడిపినవాణ్ణి నేనే. ఆ గడ్డి పరిపించినవాణ్ణి నేనే. అవేవీ గుర్తు రాలేదు. మూడేళ్ళ దురదకి ఒక మనిషి దొరికింది, ఆ మనిషిని కొట్టాను. కరుణ బకెట్టు కడిగి బోర్లించింది. మర్నాడు రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని రూత్ దగ్గరికి వెళ్ళిపోయింది. సాయంత్రం రూత్ ఫోను చేసింది. "నాన్నా, అమ్మ తినడం లేదు. అడిగితే చెప్పడం లేదు. మీరేటన్నారు?" నేను ఫోను పెట్టేశాను.

మూడో రోజు నేను చేసిన పని వింటే మీరు నన్ను తిడతారు. ఆ మొక్కల మీద కసి పట్టలేక, వట్టి చేతులతో, చొక్కా కూడా లేకుండా, గోడవార ఉన్నదంతా పీకేశాను. పీకి కుప్ప వేసి నిప్పంటించాను. కొరివితో తల గోక్కోవడం అంటారే, అక్షరాలా అదే. పొగ మొహానికి కొట్టింది. రెండో రోజుకి కళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. మొహం నుంచి నడుము దాకా రసి కారింది. మంచినీళ్ళ కుండ ఎక్కడుందో తడుముకుంటూ పడిపోయాను. పక్కింటి దీపాలిదీ, అంటే దీపాలి అక్క, రిటైరయిన బోటనీ టీచరు, చప్పుడు విని గోడ మీదుగా పిలిచి, తలుపు తీయించి, చూసి, నన్నేమీ అడక్కుండా రూత్‌కి ఫోను చేసింది.

కరుణ వచ్చింది. నాకు కనపడలేదు, చెప్పులు విడిచిన చప్పుడు వినిపించింది. బాత్రూములో చాలాసేపు నీళ్ళ చప్పుడు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటోందని తర్వాత తెలిసింది. వచ్చి మంచం మీద కూర్చుంది.

"కళ్ళు ముయ్యండి, మందు రాస్తాను."

"మూసే ఉన్నాయి" అన్నాను. తర్వాత, "నేనన్నది తప్పు" అన్నాను.

"తప్పే. ఆ పూలు కోసింది నానని మీరనకపోయినా నాకు తెల్సు. మీరన్నాక ఇంక మర్చిపోలేను. ఇప్పుడేటి చెయ్యగలం? కదలకండి."

ఆమె గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది. ఆ రోజు నుంచి నన్ను ముట్టుకునే ముందు ప్రతిసారీ చేతులు అలాగే కడుక్కునేది. పొయ్యి దగ్గర నుంచి వచ్చినా, బైబిలు చదివి లేచినా కడుక్కునేది. ఆమె చేతులు పగిలిపోయాయి. నా జబ్బు నయమైనా కాకపోయినా ఈ ఒక్కటి పోదేమోనని దిగులు పట్టుకుంది.

డాక్టరమ్మ మళ్ళీ కొన్నాళ్ళు స్టెరాయిడ్ ఇచ్చింది. స్పష్టంగా చెప్పింది, "మందు మంట ఆర్పుతుంది. ఇంట్లో ఆ మొక్క ఉన్నంత కాలం మంట మళ్ళీ మళ్ళీ పుడుతుంది. ఇల్లు మారండి, లేదా ఇంటి ముందు నేల మార్చండి." ఇల్లు మారే శక్తి మాకు లేదు. నేల సంగతి దీపాలిదీ చూసుకుంది. రెయిన్‌కోటు, గ్లౌజులు, మాస్కు వేసుకుని ఆమె, కరుణ కలిసి మిగిలిన మొక్కల్ని తడినేలలోంచి వేళ్ళతో సహా తీసి సంచుల్లో మూతి కట్టారు. నేను కిటికీ అద్దం వెనక నుంచి చూశాను. పని అయ్యాక ఆమె అద్దం దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పింది.

"దాదా, మీ లాన్ ఉన్నంత కాలం ఇది పోదు. ఈ గడ్డి ఈ వానకి తట్టుకోదు, కుళ్ళుతుంది, ఖాళీ పడుతుంది. ఆ ఖాళీలో పార్థీనియం లేస్తుంది. ఖాళీ లేకుండా ఇక్కడి మొక్కలే ఒత్తుగా వేయండి. అవి దీన్ని లేవనివ్వవు. చాకుందా వేయండి, పెటారి వేయండి."

ఆమె చాకుందా అన్నది మా నాన్నమ్మ వండిన తగిరిస. పెటారి అంటే మా లైన్లలో మురిక్కాలవ పక్కన మొలిచిన తుత్తురుబెండ. ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, ఆ కాలవ గట్టు నుంచి బయటపడి లాన్ వేసుకుంటే, ఈమె మళ్ళీ ఆ కాలవ గట్టునే తెచ్చి నా ఇంటి ముందు పెట్టమంటోంది. ఒద్దన్నాను. వారం రోజులు ఒద్దన్నాను. రూత్ నచ్చజెప్పింది. ఒక రోజు కరుణ మందు రాస్తూ, "మీ ఇష్టం. లాన్ ఉంచుకుంటే ఉంచుకోండి. నానిలాగే మందు రాస్తూ ఉంటాను" అంది. ఆమె వేళ్ళ పగుళ్ళు నా బుగ్గ మీద గరగరా తగిలాయి. లాన్ తీయించేయమన్నాను.

కూలీలు గడ్డిని చాపల్లా చుట్టి తీసుకుపోయారు, తెచ్చినప్పుడు ఎలా తెచ్చారో అలాగే. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఆసుపత్రిలో కూడా అంత ఏడవలేదు. వానలకి ముందు నేల గుల్ల చేసి తగిరిస గింజలు చల్లారు. మధ్యలో వెంపలి, తుత్తురుబెండ. గోడవార, ఆ తెల్ల పూలు లేచిన చోట, అడ్డసరం కొమ్మలు పాతారు. గుమ్మం పక్కన నందివర్ధనం. నడవడానికి ఇటుకలు పరిచారు.

వెంటనే బాగుపడిందని అనుకోకండి. మొదటి వానకి తగిరిసకంటే ముందు వయ్యారిభామే లేచింది, ఏళ్ళ తరబడి రాలిన గింజలు కదా. కరుణ గ్లౌజులు వేసుకుని, పూత రాకముందే, పొద్దున్నే ఒక్కొక్కటీ తీసేది. శ్రావణం దాటాక తగిరిస మోకాలెత్తు కమ్మేసింది. కొత్తవి లేవడం తగ్గింది. నా మెడ మీద చర్మం మెత్తబడింది. డిసెంబరు వచ్చింది. మా ఇళ్ళల్లో క్రిస్మసుకి చామంతి కుండీలు మెట్ల మీద పెట్టకపోతే పండగలా ఉండదు. అన్నాళ్ళ తర్వాత పండగ కదా అని ముచ్చటపడి నేనే ఆరు కుండీలు తెప్పించాను. మూడో రోజుకి రెప్పలు ఉబ్బాయి. మళ్ళీ మేజోళ్ళు, మళ్ళీ చీకటి గది. నేను గోడకి తల కొట్టుకున్నాను. ఎన్ని పీకినా నా ఒంట్లోంచి ఇది పోదని కరుణ మీద అరిచాను. డాక్టరమ్మ విని తల పట్టుకుంది. "చామంతి కూడా అదే కుటుంబం, మేశోమశాయ్. నేను ముందే చెప్పాల్సింది." చామంతులు దీపాలిదీ పట్టుకెళ్ళిపోయింది. ఆ పండగనాడు తలుపులు వేసుకుని పడుకున్నాను.

అది జరిగాక ఇంకో వానాకాలం గడిచింది. తగిరిస దానంతటదే రాలి, దానంతటదే మొలిచింది. తుత్తురుబెండ సాయంత్రాలు పసుపుగా పూస్తుంది. ఇంటి ముందు చూస్తే తోటలా ఉండదు, ఎవరూ పట్టించుకోని జాగాలా ఉంటుంది. పోస్టుమాను ఒకసారి ఇల్లు ఖాళీ చేశారా అని అడిగాడు. నాకింకా చిన్నతనంగానే ఉంటుంది, అబద్ధం చెప్పను. జబ్బు పూర్తిగా పోలేదు. చిన్న డోసు మాత్ర వేసుకుంటాను. నెలకోసారి బ్లడ్ టెస్ట్. రైలు పట్టాల పక్కన, ఆ మొక్క గుబురుగా ఉన్న చోట, బస్సు వెళ్ళేటప్పుడు కిటికీ మూసుకుంటాను. మనసు డాక్టరు దగ్గరికి ఇప్పటికీ వెళ్తాను. నిరుడు లేత తగిరిసాకు కోసి కరుణ కూర వండింది. బాగాలేదు. తిన్నాను.

నాలాంటి దురదతో బాధపడేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఒక కాగితం పెట్టుకోండి. ఒంటికి ఎప్పుడు ఎక్కువైందో రాసి ఊరుకోకండి. దానికి ముందు రెండు రోజులూ మీరేం చేశారు, ఇంట్లోకి ఎవరేం తెచ్చారు, అది రాయండి. నాలుగు వారాలు రాసి, ఆ కాగితం స్కిన్ డాక్టరు చేతిలో పెట్టి, ప్యాచ్ టెస్ట్ గురించి అడగండి. ఆ కాగితం ఉంటే నాకు మూడేళ్ళు మిగిలేవి.

గుడిలో బల్ల మీద రెండేళ్ళుగా ప్లాస్టిక్ పూలే. కరుణ మళ్ళీ ముట్టుకోలేదు. మన నందివర్ధనాలు ఉన్నాయి కదా, పెట్టు అని నేను చాలాసార్లు అన్నాను. "నా చేత్తో ఒద్దు" అనేది. కిందటి నెల ఒక శనివారం నేను అడక్కుండానే కత్తెర తీసుకుంది. నందివర్ధనం కొమ్మలు, అడ్డసరం ఆకు. బకెట్టు ఈసారి వంటింటి బయట పెట్టింది. ఆదివారం ముందు బెంచీలో కూర్చున్నాం. పాటలు జరుగుతున్నంతసేపూ ఆమె పుస్తకం చూడలేదు, నా మొహమే చూసింది. సోమవారం కూడా ఎదురు చూశాం. ఒకటి రెండు రోజులు తీసుకుంటుందని ఇద్దరికీ తెలుసు. మంగళవారం పొద్దున్న నేను లేవకముందే ఆమె ట్యూబులైటు వేసి, మంచం దగ్గరికి వచ్చి, నా గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసింది. రెప్పలు వేలితో తడిమింది. చేతులు కడుక్కుని రాలేదు, పొడిగా, వెచ్చగా ఉన్నాయి.

"ఏటీ లేదు" అంది. "లెగండి, టీ పెట్టీసాను."